నాలుగక్షరాల ఆట

తుని దాటాక సిగ్నలు లేక ముంబై రైలు ఆగిపోయింది. పట్టాల పక్కనే కోతలైపోయిన మడి. ఎండిన మట్టి మీద ముగ్గుతో గీసిన గీతలు, చొక్కాలు విప్పేసిన కుర్రాళ్లు. అందులో ఒకడు తొడ చరిచి, మధ్యగీత దాటి, అవతలి జట్టు మీదికి ఉరికాడు.

బోగీ కిటికీ దగ్గర నాలుగు నోళ్లు ఒకేసారి తెరుచుకున్నాయి.

"చెడుగుడు!" అన్నారు విజయనగరంలో ఎక్కిన తెలుగు మాష్టారు.

"హుతుతూ!" అన్నాడు పూరీ జగన్నాథుణ్ణి చూసి ఇంటికి పోతున్న షోలాపూర్ డ్రిల్లు మాష్టారు.

"హా-డు-డు!" అన్నాడు భువనేశ్వర్‌లో ఎక్కిన బెంగాలీ బాబు.

"సడుగుడు!" అన్నాడు కొడుకు దగ్గరికి పూణె వెళ్తున్న తమిళ ఇంజినీరు.

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నలుగురూ రిటైరైనవాళ్లే, నలుగురికీ ఊసుపోవడం లేదు. నలుగురికీ తెలిసిన ఐదో పేరు ఒకటుంది గానీ అది ఎవరి నోటా రాలేదు. చిన్నప్పుడు ఆడిన ఆట కళ్లబడితే చిన్నప్పటి పేరే వస్తుంది మరి.

అదే అరలో పైబెర్తు మీద ఒక అమ్మాయి ఉంది. నిజానికి ఆమెది కిందిబెర్తు. విశాఖలో ఎక్కింది. భుజాన పెద్ద సంచి, కుడి మోకాలికి పట్టీ. బెంగాలీ బాబు తన కీళ్లనొప్పుల సంగతి హిందీలో ఏకరువు పెడితే, మాష్టారు దాన్ని తెలుగు చేసి, "పెద్దాయన పైకెక్కలేరు తల్లీ, నువ్వు చిన్నదానివి కదా" అన్నారు. ఆమె మారుమాట్లాడలేదు. కుడికాలు మెట్టు మీద మోపకుండా, బరువంతా చేతుల మీద వేసి, ఒక్క ఊపులో పైకి చేరిపోయింది.

"భలే ఎక్కావే!" అని మెచ్చుకుని, "ఒక్కదానివే ఎంతవరకమ్మా?" అని అడిగారు మాష్టారు.

"పూణె అండి."

"పెళ్లికా?"

"కాదండి."

ఆడపిల్ల అంతదూరం వెళ్లడానికి ఇంకో కారణం మాష్టారికి వెంటనే తట్టలేదు. అక్కడితో వదిలేశారు.

ఇప్పుడు ఆట దొరికింది కాబట్టి వాదం మొదలైంది. నలుగురి మధ్యా ఉమ్మడిగా ఉన్నది విరిగిన హిందీ, అతికిన ఇంగ్లీషు. ఆ రెండింటితోనే బరిలోకి దిగారు.

ముందుగా గీత దాటినవాడు ఇంజినీరు. "పేరు మాది. సడుగుడు. మీరు దాన్ని చెడగొట్టి చెడుగుడు చేశారు."

"మీ లిపిలో చకారానికీ సకారానికీ ఒకటే అక్షరం కదండీ. ఎవరు ఎవరిని చెడగొట్టారో చెప్పడానికి మీ అక్షరమే ఒప్పుకోదు" అన్నారు మాష్టారు.

"సరే, అది వదిలెయ్యండి. అసలు కబడ్డీ అన్న మాటే తమిళం. కై అంటే చెయ్యి, పిడి అంటే పట్టు. కైపిడి కాస్తా కబడి అయింది, కబడి కబడ్డీ అయింది."

"కై మాకు లేదా? కైమోడ్పు, కైదండ. పిడి మాకు లేదా? పిడికిలి, కత్తిపిడి. ఆ లెక్కన సరుకు మా కొట్లోనూ ఉంది, బిల్లు మాత్రం మీరు రాసుకున్నారు."

బెంగాలీ బాబు నవ్వాడు. ఆయన ధోరణి వేరు. ముక్కలు విరిచి అర్థం తీసే పని పెట్టుకోలేదు. "మా నాన్నది బరిసాల్. ఆయన వర్షాకాలం బురదలో ఆడిన హా-డు-డు ఇవాళ బంగ్లాదేశ్‌కి జాతీయ క్రీడ. మీ పేర్లకి ఊళ్లున్నాయి, జిల్లాలున్నాయి. మా పేరు వెనకాల ఏకంగా ఒక దేశం ఉంది."

ఈ దెబ్బకి ఇంజినీరూ మాష్టారూ ఒకే పక్కకి చేరిపోయారు. దేశం పేరెత్తితే ఎవరైనా ఏం చేస్తారు!

అప్పటిదాకా వేరుశనక్కాయలు వొలుస్తున్న షోలాపూర్ ఆయన పొట్టు దులుపుకుని లేచాడు. ఆయన ముప్పయ్యేళ్లు పిల్లల చేత ఈ ఆట ఆడించినవాడు. "పేర్లు మీరు ముగ్గురూ పంచుకోండి. ఆట మాత్రం మాది. మీరంతా ఊరికొక తీరుగా ఆడుకుంటుంటే, 1918 ప్రాంతంలో సతారా పెద్దలు కూర్చుని నియమాలు రాశారు. 1923లో అవి అచ్చయ్యాయి. ఆ ఏడే ఆ నియమాలతో బరోడాలో అఖిల భారత పోటీ జరిగింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌ వేళ ఈ ఆటను తెల్లవాళ్లకి చూపించింది ఎవరనుకున్నారు? మా అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్లు."

"అమరావతా!" అని మాష్టారు ఉత్సాహంగా ముందుకి వంగారు.

"మీది కాదు, మా విదర్భలోది."

మాష్టారు వెనక్కి జారబడ్డారు.

"ఆటలో రకాలు మూడు" అని డ్రిల్లు మాష్టారు వేళ్లు ముడవసాగాడు. "సంజీవని, గామిని, అమర్. సంజీవనిలో మనవాడు ఔటైతే బయట కూర్చోవాలి, అవతలివాణ్ణి మనం ఔట్ చేస్తే మనవాడు తిరిగి వస్తాడు. గామినిలో పోయినవాడు పోయినట్టే, జట్టంతా ఖాళీ అయ్యేదాకా రావడానికి లేదు. అమర్‌లో ఔటైనా లోపలే ఉంటాడు, లెక్క మాత్రం రాసుకుంటారు. ఇవాళ ప్రపంచమంతా ఆడుతున్నది సంజీవని పద్ధతే."

"మేం ఆ పేర్లేవీ ఎరగం. చచ్చాడు, బతికాడు. మాకు ఆ రెండు మాటలే" అన్నారు మాష్టారు.

"మాకూ అంతే" అన్నాడు బెంగాలీ బాబు. ఆ ఒక్కచోట అందరూ కలిశారు. అభిమన్యుడి దగ్గర కూడా కలిశారు. ఆట పుట్టింది పద్మవ్యూహంలోనేనని నలుగురూ తలూపారు. అతను ఏ భాషలో కూత పెట్టాడో వ్యాసుడు రాయలేదు గనక పేచీ రాలేదు.

పైబెర్తు మీంచి ఒక చెయ్యి కిందికి వచ్చి మంచినీళ్ల సీసా అందుకుని పైకి పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

రైలు కదిలింది. పొలం వెనక్కి పోయింది. వాదం మాత్రం రైలుతోపాటే వచ్చింది.

"ఒక్కటి అడుగుతాను" అన్నారు మాష్టారు. ఈసారి ఆయన గొంతులో పంతం లేదు, పాఠం ఉంది. "ఫుట్‌బాల్‌కి ఆ పేరెందుకొచ్చింది? కాలు, బంతి ఉన్నాయి గనక. బాస్కెట్‌బాల్‌కి బుట్ట ఉంది. వాలీబాల్‌లోనూ బంతి ఉంది. మరి మన ఆటలో ఏముంది? బంతి లేదు, బ్యాటు లేదు, వల లేదు, బుట్ట లేదు. పేరు పెడదామంటే వస్తువేదీ? ఆడేవాడి నోట్లో చప్పుడు ఒక్కటే ఉంది. అవతలి గడ్డ మీద ఉన్నంతసేపూ ఊపిరి పీల్చలేదని రుజువు చూపడానికి వాడు విడవకుండా అనే శబ్దం. దాన్ని మేం కూత అంటాం. ఆ కూతే ఆటకి పేరైంది. ఇందులో అర్థాలు వెతకడమేమిటి? ఎవడి ఊపిరికి ఏది వీలైతే వాడు అది కూశాడు."

ముగ్గురూ చెవులప్పగించారు. మాష్టారు వేళ్ల మీద లెక్క మొదలుపెట్టారు. "బాబుగారి హాడుడు చూడండి. మొదట గురువు, తరవాత రెండు లఘువులు. భగణం. గుండెనిండా గాలి తీసుకుని గట్టిగా మొదలుపెట్టినట్టు ఉంటుంది. మీ హుతుతూ తిరగేసిన హాడుడు, సగణం. చివర సాగదీయడానికి వీలుంది. కబడ్డీ యగణం, మధ్యలో ద్విత్వం ఉంది గనక అక్కడ నాలుక ఒక్క క్షణం నిలబడాలి. మా చెడుగుడు, మీ సడుగుడు మాత్రం నాలుగక్షరాలూ లఘువులే. నలగణం. ఎక్కడా ఆగక్కర్లేదు, గుక్క దొంగతనానికి సందే లేదు. ఆట కోసం పుట్టిన మాట."

తన పేరుకీ వాటా దక్కడంతో ఇంజినీరు వెంటనే ఒప్పుకున్నాడు. బాబు భగణం అన్న మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

"అయినా ఏం లాభం?" అన్నాడు షోలాపూర్ ఆయన. "1950లో ఫెడరేషన్ పెట్టాక పుస్తకంలో ఒకటే మాట ఉంచారు. రైడర్ 'కబడ్డీ' అనే కూయాలి, స్పష్టంగా, పైకి వినపడేలా. ఇంకో మాట కూస్తే రిఫరీ వెనక్కి పంపిస్తాడు. నేనే ఎంతమంది పిల్లల్ని పంపానో. హుతుతూ అంటూ వెళ్లిన మా మరాఠీ పిల్లల్నే."

తన మాటకి తానే ఈల ఊదినవాడి మీద ముగ్గురికీ జాలి కలిగింది.

ఇంజినీరుకి మాత్రం ఇంకో అనుమానం మిగిలింది. విశాఖలో పాతికేళ్లు పనిచేసి కాస్త తెలుగు వంట పట్టించుకున్నవాడు. "మాష్టర్, మీ తెలుగులో చెడు అంటే బ్యాడ్ కదా? మరి చెడుగుడు అంటే చెడ్డ ఆటా?"

మాష్టారికి ఆ ప్రశ్న కొత్త కాదు, విసుగు మాత్రం కొత్తగా వచ్చింది. "ఆ చెడుకీ ఈ చెడుకీ ఏ సంబంధమూ లేదండీ! ముక్కలు విరవకూడదని ఇందాకే చెప్పాను. గుడుగుడుగుంచంలో గుడికీ దేవుడికీ సంబంధం ఉందా? ఇదీ అంతే. ఉత్త చప్పుడు. నాలుగక్షరాలూ కలిపి ఒక్క ఊపిరిలో అనాలి. సగంలో ఆపి అర్థం తీయడం మహాపాపం."

ఆ మాటల మధ్యే ఆయనకేదో గుర్తొచ్చింది. "మా అమ్మాయి కూత పెడితే వీధి చివరికి వినపడేది. సికింద్రాబాదులో దాని ఇంటికే ఇప్పుడు వెళ్తున్నాను. పట్టుకుంటే చేప జారినట్టు జారిపోయేది. స్కూల్లో డ్రిల్లు టీచరు ఇంటికొచ్చి జిల్లా పోటీలకి పంపమని అడిగారు."

"పంపారా?" అన్నాడు డ్రిల్లు మాష్టారు ఆశగా.

"అప్పటికే పెద్దదైందండీ. మాన్పించేశాం."

"మంచిపని చేశారు" అన్నాడు బెంగాలీ బాబు, టీ కప్పులోకి చూస్తూ. "మా ఇంట్లోనూ అంతే."

తలా ఒక టీ చల్లారేసరికి మాట ఇరాన్ మీదికి మళ్లింది. తీసుకొచ్చినవాడు డ్రిల్లు మాష్టారే. ఆ గాయం ఆయనకింకా మానలేదు. "మనం ఇక్కడ నాలుగు పేర్లకి కొట్టుకుంటున్నాం. ఇరాన్‌వాళ్లకీ ఇలాంటి ఆట ఉంది. దాన్ని వాళ్లు జూ అంటారు. గుక్క తిప్పుకోకుండా జూ... అని సాగదీసుకుంటూ పోవడమే. వాళ్లదీ చప్పుడే. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరిన దగ్గర్నుంచి మగవాళ్ల బంగారం ఏడుసార్లూ మనదే. 2018లో జకార్తాలో ఏమైంది? సెమీఫైనల్లో ఇరాన్ 27, మనం 18. ఆడవాళ్ల ఆట 2010లోనే కదా ఆసియా క్రీడలకి వచ్చింది. రెండుసార్లు గెలిచి, మూడోసారి వాళ్లూ ఫైనల్లో ఇరాన్‌కే ఓడిపోయారు. రెండు పాయింట్ల తేడాతో."

"మూడండి" అంది పైబెర్తు. "27, 24."

నలుగురూ తలెత్తి చూశారు.

"టీవీలో చూశావా అమ్మా?" అన్నారు మాష్టారు ముచ్చటగా.

"చూశానండి."

"ఈ కాలం పిల్లలకి అంకెలు భలే గుర్తుంటాయి" అని మిగతావాళ్లకి హిందీలో వివరించి, మాష్టారు మళ్లీ వాదంలోకి దిగిపోయారు.

"ఇంకో సంగతి వింటే మీ కడుపు రగిలిపోతుంది" అన్నాడు డ్రిల్లు మాష్టారు. "ఆ ఇరాన్ ఆడపిల్లలకి శిక్షణ ఇచ్చిందెవరో తెలుసా? శైలజా జైన్. మా నాసిక్ ఆవిడ. మన ఆట, మన గురువు, పతకం మాత్రం వాళ్లది."

కాసేపు ఎవరికీ మాట పెగల్లేదు. ఆ తరవాత హాంగ్‌జౌలో రెండు బంగారాలూ తిరిగి మనకే వచ్చాయని ఇంజినీరు గుర్తుచేశాడు గానీ ఎవరూ ఊరడిల్లలేదు. మగవాళ్లు ఇరాన్ మీద 33-29తో నెగ్గిన ఫైనల్లో గొడవే ఎక్కువని ఒకరన్నారు. ఆడవాళ్లు చైనీస్ తైపీ మీద 26-25తో, ఒక్క పాయింటుతో గట్టెక్కారని ఇంకొకరన్నారు. ఇంతటి ప్రాచీనమైన ఆట, ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లున్న ఆట, ఆడపిల్లల చేతుల్లో ఒక్క పాయింటు మీద వేలాడ్డం ఏమిటని నలుగురూ విచారించారు.

కారణాలు తలా ఒకటి తీశారు. మట్టి పోయి మ్యాట్లు రావడం వల్లనన్నాడు బాబు. తిండి లోపం అన్నాడు ఇంజినీరు. 2014లో లీగు వచ్చాక మగవాళ్లకి డబ్బు చేరింది, ఆడవాళ్లకి 2016లో మూడు జట్లతో ఒకసారి పెట్టి ఊరుకున్నారు, అదీ కారణమే అన్నాడు డ్రిల్లు మాష్టారు. తెలుగు మాష్టారు మాత్రం ఒప్పుకోలేదు. "అవన్నీ పైపై మాటలు. అసలు జబ్బు ఏమిటంటే, మన ఆడపిల్లలకి ఆసక్తి లేదు. సెల్‌ఫోన్లు తప్ప ఏం పడుతుంది వాళ్లకి?"

రైలు రాజమండ్రిలో ఆగింది. ప్లాట్‌ఫారం మీద కేకల మధ్య, ఒకే రంగు జాకెట్లు వేసుకున్న అయిదారుగురు అమ్మాయిలు పక్క బోగీలోంచి పరిగెత్తుకొచ్చి ఈ అరలోకి తొంగిచూశారు.

"అక్కా, నువ్వు పైనున్నావేంటి? ఆ మోకాలితో పైకెక్కావా? సార్ చూస్తే చంపేస్తారు. రా, భోజనాలొచ్చాయి."

అమ్మాయి సంచిలోంచి తన జాకెట్టు తీసి తొడుక్కుని, వచ్చినట్టే చేతుల మీద దిగింది. వీపు మీద యూనివర్సిటీ పేరు, దాని కింద కబడ్డీ అన్న మూడక్షరాలు. చదవడం పూర్తయ్యేసరికి నలుగురు పెద్దమనుషులూ లేచి నిలబడ్డారు.

"నువ్వు ఆడతావా!" అన్నారు మాష్టారు.

"రైడర్నండి. యూనివర్సిటీల పోటీలకి వెళ్తున్నాం."

డ్రిల్లు మాష్టారి కళ్లు మెరిశాయి. "శాబాష్ బేటీ!" అని చెయ్యి కలిపాడు. బెంగాలీ బాబు కంగారుగా తన పక్క చుట్టేసి, కిందిబెర్తు ఖాళీ చేసి, సంచిలోంచి మిఠాయి డబ్బా తీశాడు. "మోకాలి సంగతి చెప్పాలి కదా అమ్మా!" అని ఇంజినీరు మందలించాడు. బోగీలో ఒక్కసారిగా పండగ వాతావరణం వచ్చింది.

"ఇన్ని గంటలుగా న్యాయం చెప్పేవాళ్లు లేక కొట్టుకు చస్తున్నాం, తీర్పరిని తలమీదే పెట్టుకుని!" అని మాష్టారు నవ్వారు. "ఇక నీదే మాట తల్లీ. హుతుతూ, హాడుడు, సడుగుడు, చెడుగుడు, కబడ్డీ. మేం ముసలాళ్లం, మా కాలం మాటలు చెప్పాం. నువ్వు ఇప్పుడు ఆడుతున్నదానివి. మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?"

ముగ్గురు పెద్దలూ ఆమె నోటివైపే చూస్తున్నారు. తెలుగులో ఏం చెప్పినా మాష్టారు హిందీ చేసి వినిపిస్తారన్న ధీమాతో ఉన్నారు.

"చెడుగుడేనండి" అంది ఆమె.

"చూశారా!" మాష్టారు గెలిచినవాడిలా తొడ చరిచారు. "నాలుగక్షరాలూ నలగణం!"

"మగపిల్లలు ఆడితే నాలుగక్షరాలూ అంటారండి." సంచి భుజాన వేసుకుంది. "మేం ఆడితే, మీకు తెలిసిందే కదండీ మాష్టారూ, మొదటి రెండక్షరాలే అంటారు."